మా ఇంటి కరువు భత్యం

అందరిళ్ళలో వచ్చే పండగలన్నీ మా ఇంట్లోనూ వస్తాయి. అవి కాక మాకు ఇంకో రెండు పండగలు ఎక్కువ. ఒకటి జనవరి డి.ఏ., రెండోది జులై డి.ఏ. వీటికి తిథీ నక్షత్రం ఉండవు. జనవరిది ఏ ఉగాది ముందో వస్తుంది, జులైది దసరాకో దీపావళికో వస్తుంది. ఎప్పుడొచ్చినా సరే, మావారు పేపరు నాలుగు మడతలు పెట్టి, కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని, "ఏమోయ్, మూడు శాతం!" అని వంటింటి వైపు ఓ కేక పెడతారు.

ఆయన రిటైరై పదిహేనేళ్ళయింది. పింఛనుదార్లకు వచ్చేదాన్ని డి.ఏ. అనరట, డి.ఆర్. అంటారట. భత్యం కాస్తా ఉపశమనం అయిందన్నమాట. పేరు మారింది గాని కేక మారలేదు.

నేనూ యాభై ఏళ్ళుగా ఆ కేకకు ఒకే జవాబు చెబుతున్నాను. "ఎంత పెరిగితే ఏం లాభం లెండి! మనకి మూడు పెరిగేలోపల బజార్లో ఆరు పెరుగుతాయి." ఈ మాట నేనొక్కదాన్నే అన్నానా? మీరూ అనే ఉంటారు. నెలజీతం ఇంట పుట్టి నెలజీతం ఇంట మెట్టిన ఆడవాళ్ళకి ఇది నిత్యపారాయణ.

2025 దసరా పొద్దునా అదే జరిగింది. కేంద్ర ప్రభుత్వం కరువు భత్యాన్ని 55 నుంచి 58 శాతం చేసిందని పేపర్లో పడింది. ఆయన కేక పెట్టారు. నేను పులిహోర కలుపుతూ నా పారాయణ మొదలుపెట్టాను. కాకపోతే ఈసారి మధ్యలో సెలవులకొచ్చిన మా మనవరాలుంది. బి.కాం. చదువుతోంది. ఈ కాలప్పిల్లలు మాటని మాటగా పోనివ్వరు.

"అమ్మమ్మా, ఎప్పుడైనా లెక్క చూశావా, ఊరికే అంటున్నావా?" అంది.

"చూడ్డానికేముందే, నా చేతుల మీదుగా నడిచిన సంసారం" అన్నాను.

మావారికి ఇంతకంటే ఏం కావాలి? "మీ అమ్మమ్మ పద్దు పుస్తకాలు అటకమీద ట్రంకుపెట్టెలో ఉన్నాయి. 1974 నుంచీ ఒక్కటి పోలేదు. దించు, ఇవాళ తేలిపోతుంది" అన్నారు.

దించారు. పండగపూట ఇల్లంతా దుమ్ము.

మేము శాలిబండకి కాపురం వచ్చింది 1974లో. మాది గుంటూరు వైపు. ఆయన కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఎల్.డి.సి., అంటే గుమాస్తాల్లో అడుగుమెట్టు. మూడో వేతన సంఘం వేసిన స్కేలు, 260 రూపాయలతో మొదలు. చార్మినార్ దాటి శాలిబండ వైపు వస్తే అద్దెలు చవకని ఎవరో చెప్పగా, పెద్ద వాకిలున్న పాత ఇంట్లో రెండు గదుల వాటా తీసుకున్నాం. ఎప్పటికో ఆ వాటానే కొనుక్కుని ఇక్కడే పాతుకుపోయాం. అప్పట్లో నాకు ఉర్దూ రాదు, పక్కింటి ఖాలాకి తెలుగు రాదు. ధరల మీద విసుక్కోవడానికి మాత్రం మా ఇద్దరికీ భాష అడ్డం రాలేదు.

ఆ సంవత్సరం ఎలాంటిదనుకున్నారు? 1972లో వానల్లేవు. 1973 చివర్లో పెట్రోలు ధర ప్రపంచమంతటా మండిపోయింది. 1974లో ఒక్క ఏడాదిలోనే మన దేశంలో ధరలు పావువంతుకు పైగా పెరిగాయి. మే నెలలో రైల్వేవాళ్ళు ఇరవై రోజులు సమ్మె చేశారు. అది చాలదన్నట్టు జులైలో ప్రభుత్వం ఓ ఆర్డినెన్సు తెచ్చింది. పెరిగిన డి.ఏ.లో సగం చేతికివ్వరు, డిపాజిట్టుగా పక్కన పెడతారు. చేతికి డబ్బొస్తే జనం బజారుకి పోతారు, జనం బజారుకి పోతే ధరలింకా పెరుగుతాయి అని వాళ్ళ వాదన. తర్వాత వడ్డీతో సహా వాయిదాల్లో తిరిగిచ్చారనుకోండి. పుస్తకంలో ఆ నెల పద్దు పక్కన నా చేతిరాతతో "సగం డి.ఏ. వాళ్ళ దగ్గరే" అని ఉంది. దాని కింద ఒక గీత. గీత గీసిన జోరుకి కాగితం చిరిగింది.

"చూశావా మరి?" అన్నాను మనవరాలితో, కేసు గెలిచినట్టు.

"ఒక్క సంవత్సరం కాదు అమ్మమ్మా, మొత్తం చూడాలి" అంది. ఫోన్లో లెక్కల గడి తెరిచింది.

మొత్తం చూడాలంటే ముందు ఈ డి.ఏ. ఎలా కడతారో తెలియాలి గదా. అది చెప్పడమంటే మావారికి పాఠం చెప్పినంత సరదా. సిమ్లాలో లేబర్ బ్యూరో అని ఒకటుంది. అది దేశంలో కొన్ని ఊళ్ళని ఎంచుకుంటుంది. 2016తో మొదలైన లెక్కలో అవి 88. అందులో మన హైదరాబాదూ ఒకటి. ఎంచుకున్న దుకాణాలకి ఒక మనిషి పోయి బియ్యం, పప్పు, నూనె, సబ్బు, చెప్పులు, సినిమా టికెట్టు ఏ ధరకి ఉన్నాయో రాసుకొస్తాడు. కార్మికుల కుటుంబం దేనికెంత ఖర్చు పెడుతుందో ముందే లెక్క వేసి ఉంచుతారు. ఆ పాళ్ళలో ఇవన్నీ కలిపితే ఒక అంకె వస్తుంది. దాన్నే ధరల సూచీ అంటారు. 1960లో ఆ అంకెని 100 అనుకున్నారు. మూడో వేతన సంఘం జీతాలు వేసేనాటికి అది 200. అక్కణ్ణుంచి ఎనిమిదేసి పాయింట్లు పెరిగినప్పుడల్లా ఒక విడత డి.ఏ. ఇవ్వాలన్నారు. నాలుగో వేతన సంఘం వచ్చాక ఏడాదికి రెండుసార్లయింది.

"అంటే మన ఊరి టమాటా ధర ముందు సిమ్లా కొండెక్కాలి, దిగి ఢిల్లీ పోవాలి, అక్కడ సంతకాలయ్యాక మీ తాతయ్య జీతంలోకి రావాలి. అప్పటికి ఇక్కడ టమాటా ఇంకో ధరకెక్కి కూచుంటుంది" అన్నాను.

"అది నిజమే" అని ఒప్పుకున్నారు ఆయన. "డి.ఏ. ఎప్పుడూ ధర వెనకాలే నడుస్తుంది, ముందు నడవదు. కానీ నడుస్తుంది. అది మరిచిపోకు."

ఇక మనవరాలు గుణకారాలు మొదలుపెట్టింది. సూచీకి మధ్యమధ్య కొత్త మొదలు పెడుతూ వచ్చారు, 1982లో ఒకటి, 2001లో ఒకటి. పాతదానికీ కొత్తదానికీ ముడి వేయడానికి 4.93, 4.63 అని రెండు అంకెలున్నాయి. ఏడో వేతన సంఘం జీతాలు వేసిన 2016 జనవరి నాటికి 2001 లెక్క ప్రకారం సూచీ సగటు 261. దాన్ని 4.63తో, వచ్చినదాన్ని 4.93తో గుణిస్తే దాదాపు 5,960. అంటే మూడో వేతన సంఘం నాటి 200 కాస్తా నలభై మూడేళ్ళలో ముప్ఫై రెట్లయింది.

"ముప్ఫై రెట్లా! నేను చెప్పలేదూ?" అన్నాను.

"ఉండు. ఇప్పుడు జీతం. 1973లో ఎల్.డి.సి. తొలి జీతం 260. 2016లో అదే ఉద్యోగానికి తొలి జీతం 19,900. అంటే డెబ్భై ఆరు రెట్లు."

నాకు మాట రాలేదు. అయినా అంత తేలిగ్గా ఓడిపోతానా? బంగారం అడ్డం వేశాను. 1974లో పది గ్రాములు అయిదువందల చిల్లర, 2016లో ఇరవై ఎనిమిది వేల పైచిలుకు. అదీ యాభై ఆరు రెట్లే. బంగారాన్ని కూడా గుమాస్తా దాటిపోయాడు! మావారు మీసం లేకపోయినా మెలేసినట్టు మొహం పెట్టారు.

మరి యాభై ఏళ్ళూ నాకెందుకు చాలలేదు? ఇది నన్ను నేనే అడుక్కున్నాను. పద్దు పుస్తకాలే జవాబు చెప్పాయి. 1974 పుస్తకంలో బియ్యం, కంది పప్పు, కిరసనాయిలు, కట్టెలు, అద్దె. అంతటితో సరి. తర్వాతి పుస్తకాల్లో గ్యాసు వచ్చింది, ఫ్రిజ్ వాయిదా వచ్చింది, పిల్లల కాన్వెంటు ఫీజు వచ్చింది, కేబుల్ వాడి డబ్బులొచ్చాయి. ఒకసారి వచ్చిన పద్దు మళ్ళీ పోలేదు. సిమ్లావాళ్ళ లెక్కలోనూ ఇదే కనబడుతుందట. 1982 నాటి సూచీలో తిండికి నూటికి 57 పాళ్ళు పెట్టారు, 2001లో 46, 2016లో 39. తిండి ఖరీదు తగ్గి కాదు, మిగతావి వచ్చి చేరి. నేను ధరలు తినేశాయనుకున్న డబ్బులో సగం మేమే తిన్నాం, ఇంకో రకంగా.

సరే, ఓడిపోయాను, పెట్టె సర్దండి అంటున్నాను. అప్పుడు మనవరాలు ఒక పేజీ మీద వేలు పెట్టి, "అమ్మమ్మా, ప్రతి నెలా ఈ ప.మ. అంటే ఏంటి?" అంది.

ప.మ. అంటే పనిమనిషి. మేము ఆ ఇంట్లో దిగిన వారానికే కుదిరింది. అంట్లు, ఊడ్పు, బట్టలు. నాకంటే ఆరేడేళ్ళు పెద్దది. పేరు ఇక్కడ రాయను. ఈ కథలో చెప్పుకోవలసిన తప్పు నాది, ఆమె పేరు మీకెందుకు?

"ప.మ. 15" అని ఉంది 1974లో. 1977లో "ప.మ. 20". నేనే పెంచాను, అడక్కుండానే. నాకా రోజు గుర్తుంది, ఎంతో ఉదారంగా ఉన్నాననుకున్నాను. ఆ తర్వాత పుస్తకాలు తిరగేస్తుంటే 20, 20, 20. 1978, 79, 80, 81. ఆయన డి.ఏ. విడతలు మాత్రం పై వరసలో ఒకదాని తర్వాత ఒకటి ఎర్ర సిరాతో ఉన్నాయి. కింద ప.మ. ఇరవై దగ్గరే కూచుంది. 1984 దాకా కూచుంది.

ఆ పిల్లకి ఈ సరదా ఎందుకు పుట్టిందో గాని, తాతయ్య జీతానికి వేసిన లెక్కే ప.మ.కి కూడా వేసింది. 1974 నుంచి 1984కి ధరలు రెట్టింపుకి కాస్త తక్కువగా పెరిగాయి. పదిహేను రూపాయలు పదిహేనుగానే నిలవాలంటే 1984లో ఇరవై ఎనిమిది ఇవ్వాలి. నేనిచ్చింది ఇరవై.

"అంటే నువ్వు జీతం పెంచలేదు అమ్మమ్మా, తగ్గించావు" అంది. పిల్ల చెడ్డగా అనలేదు. మార్కులు చెప్పినట్టు చెప్పింది.

నెలనెలా తగ్గించాను. ఒక్కసారి కూడా తగ్గిస్తున్నానని చెప్పకుండా తగ్గించాను. ఎవరైనా మావారి ఆఫీసులో అలా చేసి ఉంటే జెండాలు పట్టుకుని రోడ్డెక్కేవాళ్ళు. ఆమె ఎవరి ఎదుట జెండా పట్టుకుంటుంది? ఆమెకి నేనే ఆఫీసు, నేనే వేతన సంఘం.

అదే 1984 పుస్తకంలో ఇంకో పేజీ ఉంది. ఆ పేజీ మనవరాలు చూడకుండా తిప్పేద్దామనుకున్నాను గాని చెయ్యి ఆడలేదు. ఆ ఏడు పాతబస్తీలో గొడవలై కర్ఫ్యూ పెట్టారు. వీధి తలుపులు మూసుకుని, కర్ఫ్యూ సడలించిన గంటా రెండు గంటల్లో పాల కోసం పరుగెత్తిన రోజులు. ఆమెది లాల్‌దర్వాజా వెనక గల్లీ. గల్లీ దాటి రాలేకపోయింది. నెలాఖర్న నేను రాసిన పద్దు ఇది: "ప.మ. 20, నాగాలు 6, పోగా 16."

ఆ ఆరు రోజులూ మావారు కూడా ఆఫీసుకి పోలేదు. ఆయన జీతంలో పైసా తగ్గలేదు.

ఆ నెలే ఆమె నోరు తెరిచి అడిగింది. అడిగిందల్లా అయిదు రూపాయలు. నేనేమన్నానో నాకు ఒక్కో అక్షరం గుర్తుంది. "నువ్వే చూస్తున్నావుగా ధరలు ఎలా ఉన్నాయో. మాకే చాలడం లేదు, నీకెక్కణ్ణుంచి పెంచను?" అన్నాను. ఆమె చీపురు గోడకి ఆనించి, "ధరలు మా గల్లీకి గూడ వస్తయమ్మా" అంది. అంతే. గొంతు పెంచలేదు. మళ్ళీ చీపురు తీసుకుంది. కాసేపాగి తనలో తను అనుకున్నట్టు, "రెండు రూపాల బియ్యం ఉండబట్టి బతుకుతున్నం" అంది.

ఎన్.టి. రామారావు 1983లో పెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం గురించి ఆమె చెప్పింది. ఆ పథకాన్ని మా వాకిట్లో మేమెంత వెక్కిరించేవాళ్ళమో! మన పన్నులన్నీ అటు పోతున్నాయని మావారి స్నేహితులు కాఫీ తాగుతూ లెక్కలు తీసేవాళ్ళు. ఇప్పుడు ఈ పుస్తకం ముందు కూచుంటే ఇంకో సంగతి తోస్తోంది. నేనివ్వాల్సి ఉండి ఇవ్వని కరువు భత్యాన్ని ప్రభుత్వం బియ్యం రూపంలో ఇచ్చింది. ఆ కాఫీ గ్లాసులు కడిగింది ఆమే.

నేనేమీ పెట్టలేదా అంటే, పెట్టాను. దసరాకి మామూలు, సంక్రాంతికి పాత చీర, పిల్లకి జ్వరమొస్తే మందుబిళ్ళలు, మిగిలిన కూర. ఇవన్నీ పెట్టినప్పుడు నాకు చాలా బాగుండేది. ఇచ్చినవాళ్ళకి ఇచ్చింది గుర్తుంటుంది గదా. జీతం పెంచితే అది ఆమె కష్టార్జితం అయిపోతుంది, నా దయ కాకుండా పోతుంది. పాత చీర కంటే నెలకి ఎనిమిది రూపాయలు ఆమెకి నయమని నాకు తెలియదా? తెలుసు. తెలిసీ చీరే పెట్టాను.

1986లో నాలుగో వేతన సంఘం అమలైంది. అరియర్స్ వచ్చాయి. పుస్తకంలో "అరియర్స్, ఫ్రిజ్ అడ్వాన్సు" అని పెద్దక్షరాలతో రాసుకున్నాను. అదే పేజీ అడుగున "ప.మ. 25".

1987లో ఆమె పని మానేసింది. ఇంట్లో కూచుని లక్క గాజులకి రాళ్ళు అంటించే పనిలోకి పోయింది. చార్మినార్ పక్క లాడ్ బజార్‌లో దీపాల కింద మెరిసే గాజులు చూసే ఉంటారు. ఆ గాజుల పని చాలావరకు పాతబస్తీ గల్లీల్లో, ఇళ్ళల్లోనే జరుగుతుంది. నిప్పుల మీద లక్క కరిగించి, వలయం తిప్పి, అది వేడిగా ఉండగానే ఒక్కొక్క రాయీ పొదగాలి. కూలి నెలకింత అని కాదు, జోడుకింత. తర్వాత ఒకసారి లాల్‌దర్వాజా బోనాల్లో కనిపించి పలకరించింది. "ఇక్కడికంటే అక్కడ నయమా?" అని అడిగాను. "ఆడ గూడ గంతే అమ్మా. సేటు పెంచితె పెరుగుతది, లేకుంటె లేదు" అని నవ్వింది. వేళ్ళ కొసలు కాలి నల్లబడి ఉన్నాయి.

2024లో హైదరాబాదు లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి మావారు నాకు వినిపించారు. సంతోషమే. ఆ గుర్తింపు గాజుకి వచ్చింది. పొదిగిన చేతికి సిమ్లాలో ఏ అంకే లేదు.

మా గల్లీలో లెక్క వేసుకున్నాను ఆ సాయంత్రం. కరువు భత్యం వచ్చే ఇళ్ళు మాది, చివర బ్యాంకు ఉద్యోగిది, అంతే. మిగతావాళ్ళు ఆటో నడిపేవాళ్ళు, కార్చోబ్ పని చేసేవాళ్ళు, దుకాణాల్లో తక్కెడ పట్టేవాళ్ళు, గాజుల వాళ్ళు. అందరూ ఒకే మండీలో ఒకే ధరకి టమాటా కొంటారు. ధర అందరింటికీ ఒకేసారి వస్తుంది. జీతం మాత్రం కొందరింటికే దాని వెనక నడిచివస్తుంది. మిగతావాళ్ళు పోయి దాన్ని అడిగి తెచ్చుకోవాలి. చట్టం లేక కాదు. 1948లో వచ్చిన కనీస వేతనాల చట్టం కూలిరేట్లని అయిదేళ్ళకి మించకుండా ఒకసారి సవరించాలంది. ఉమ్మడి రాష్ట్రం ఉండగానే ఇంటిపనిని కూడా ఆ జాబితాలో చేర్చారు. అయితే ఆ చట్టం నా వంటింటి గడప దాటి వచ్చి అడిగిందేమీ లేదు, నేను దాన్ని వెతుక్కుంటూ పోయిందీ లేదు.

పెట్టె మూసేవేళకి ఇప్పటి అమ్మాయి వచ్చింది, దసరా మామూలు కోసం. 2019 నుంచి మా ఇంట్లో చేస్తోంది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు రావద్దన్నాం. రెండు నెలలు జీతమిచ్చి, మూడో నెల మానేశాను. అప్పుడే కేంద్ర ప్రభుత్వం డి.ఏ., డి.ఆర్. మూడు విడతలు ఆపేసింది. 2021 జులైలో మళ్ళీ మొదలైంది గాని ఆపిన పద్దెనిమిది నెలలది ఇవ్వలేదు. ఆ బాకీ గురించి మావారు ఫోన్లో స్నేహితులతో మాట్లాడని రోజు లేదు. అమ్మాయికి మేము జీతం రెండువేలు చేసింది 2022 జనవరిలో. అప్పటికి డి.ఏ. 34 శాతం. ఇప్పుడు 58.

"ఇరవై నాలుగు శాతం పెంచాలా అయితే?" అన్నాను మెల్లగా.

"కాదు" అన్నారు మావారు. లెక్క దగ్గర ఆయన ఎవరినీ ఉపేక్షించరు. "నూటముప్ఫై నాలుగు నూటయాభై ఎనిమిది అయింది. అంటే పద్దెనిమిది శాతం దాకా. రెండువేలకి రెండువేల మూడువందల యాభై ఎనిమిది."

అమ్మాయిని కూచోమన్నాను. మామూలు చేతిలో పెట్టి చెప్పాను. ఈ నెల నుంచి నీ జీతం రెండువేల మూడువందల అరవై. ఇక ముందు అయ్యగారికి జనవరిలో, జులైలో ఎంత పెరిగితే నీకూ ఆ లెక్కనే పెరుగుతుంది, నువ్వు అడగక్కర్లేదు అన్నాను. చెబుతున్నప్పుడు నాకు మళ్ళీ పాత చీర పెట్టినప్పటి ఆనందమే కలిగింది, దాచడమెందుకు? ఆమె మొహం వెలిగిపోతుందనుకున్నాను.

ఆమె తలొంచుకుని వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుంది. తర్వాత, "మరి పోయిన మూడేండ్లది అరియర్స్ ఇయ్యరా అమ్మా?" అంది.

"అరియర్సా! ఆ మాట నీకెవరు చెప్పారే?"

"సారు రోజు ఫోన్ల మాట్లాడుతడు గద. పద్దెనిమిది నెలలది ఇయ్యకపోవుడు అన్యాయమని."

మనవరాలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. మావారు పేపరు ఎత్తి మొహం దాచుకున్నారు. పేపరు వణుకుతోంది, నవ్వుతో. కాసేపటికి దాని వెనక నుంచే, "న్యాయంగా అడిగింది. ఇవ్వకపోతే రేపు నేను ఫోన్లో ఏ మొహం పెట్టుకుని మాట్లాడను?" అన్నారు.

మనవరాలు విడతల వారీగా లెక్క తీసింది. 34, 38, 42, 46, 50, 53, 55, 58. ఆరేసి నెలలకోసారి పెరుగుతూ పోయింది. సెప్టెంబరు దాకా మొత్తం ఎనిమిదివేల రెండువందల ముప్ఫై తొమ్మిది రూపాయలు తేలింది. నాలుగు నెలల జీతం. మూడున్నరేళ్ళలో ఆమె మాకు నాలుగు నెలలు ఊరికే అంట్లు తోమింది.

"ఒకేసారి ఇవ్వలేనమ్మా, నాలుగు వాయిదాల్లో ఇస్తాను" అన్నాను.

"మంచిదమ్మా" అని లేచింది. మామూలు కొంగున ముడేసుకుంది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "మొదటి వాయిదా ఇయ్యాలనేనా?" అంది.

బీరువా తాళాలు మామూలుగా నా బొడ్లోనే ఉంటాయి. లేచాను. 1984 నాటి బాకీ ఎవరికి కట్టాలో నాకు తెలియదు. ఆమె గల్లీలోనే లేదిప్పుడు. ఇదైనా కట్టాలి కదా అనుకుంటూ డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, కొత్త పద్దు పుస్తకంలో రాశాను. ప.మ. అని రాయలేదు. పిల్ల పేరు రాసి, పక్కన "అరియర్స్, 1వ వాయిదా" అని రాశాను.

వంటింట్లోకి వచ్చేసరికి పులిహోర చల్లారిపోయింది. మావారు హాల్లోంచి, "ఏమోయ్, ఇక జనవరిలో కేక పెట్టాలా వద్దా?" అని అడుగుతున్నారు.

"పెట్టండి. ఆ పిల్ల పనిలో ఉన్నప్పుడు చూసి పెట్టండి" అన్నాను.